పంచస్వర పదాలకు టీకా తాత్పర్యం

మూలం: ఫసీషస్, అబ్‌స్టీమియస్, ఆర్సీనియస్.

అవతారిక. ఇంగ్లీషు అచ్చులు అయిదు: ఏ, ఈ, ఐ, ఓ, యూ. ఈ అయిదూ తలొకసారి మాత్రమే, అదీ బడిలో వల్లించిన వరస తప్పకుండా కనబడే మాటలు ఆ భాషలో అరుదు. వాటిలో పేరుపడ్డ మూడింటిని ఇక్కడ మూలంగా తీసుకున్నాం. మాటలతో ఆడుకునేవారు వీటిని చూసి, అబ్బురపడి, పక్క మాటకు పోతారు. వ్యాఖ్యాతకు ఆ సౌకర్యం లేదు; అబ్బురానికి కూడా హేతువు చెప్పి తీరాలి. ఈ వరస ఎక్కణ్ణించి వచ్చింది, అర్థానికీ దీనికీ చుట్టరికం ఏమైనా ఉందా అన్నది విచారణ. అర్థంతో చుట్టరికం లేదనీ, కనబడే పోలికలో పెద్ద వాటా ప్రత్యయాలదేననీ ఈ టీకాకారుడి సిద్ధాంతం.

ప్రతిపదార్థం. ఫసీషస్ = గంభీరంగా ఉండవలసిన చోట పరాచికాలాడే; లాటిన్‌లో చమత్కారమని అర్థమిచ్చే మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరి ఇలా అయింది. అబ్‌స్టీమియస్ = తిండి దగ్గరా, తాగుడు దగ్గరా మితం పాటించే; దూరమనే అర్థం గల ఉపసర్గ, మద్యాన్ని చెప్పే ‘టెమెటుం’ అనే లాటిన్ మాట కలిసి పుట్టింది కాబట్టి, మొదట్లో కల్లుసారాలకు ఆమడ దూరంలో ఉండేవాడే ఇందులో వ్యక్తి; అన్నం సంగతి తర్వాత వచ్చి చేరింది. ఆర్సీనియస్ = ఆర్సెనిక్ ఉన్న; తెల్ల పాషాణమని మనవాళ్లు భయపడేది ఆర్సీనియస్ ఆక్సైడే. ఈ పేరుకు మూలం గ్రీకు, దానికి వెనక బంగారు రంగు హరిదళాన్ని చెప్పే పారశీక పదం. అంటే ఒకటి హాస్యం నుంచి, ఒకటి మద్యనిషేధం నుంచి, ఒకటి విషం నుంచి వచ్చాయి. ముగ్గురివీ మూడు గోత్రాలు.

తాత్పర్యం. గోత్రాలు వేరైనా తోక ఒకటే. ఫసీషస్‌ను అక్షరం అక్షరంగా విప్పితే ఎఫ్, ఏ, సీ, ఈ, టీ, ఐ, ఓ, యూ, ఎస్. చివరి నాలుగక్షరాలూ విశేషణాలను తయారుచేసే ప్రత్యయం. మిగతా రెండు మాటలకూ అదే తోక. అయిదు అచ్చుల్లో మూడు, అంటే ఐ, ఓ, యూ, వరస చెడకుండా ఈ తోకలోనే కట్టగట్టి ఉన్నాయి. తోకకు ముందున్న భాగం వంతు మొదట ఏ, తర్వాత ఈ ఇవ్వడం, ఇంకో అచ్చు ఇవ్వకపోవడం; అంతే. ఇంకొక సంగతి: ఈ వరస కంటికే గాని చెవికి లేదు. నోటితో అన్నప్పుడు ఫసీషస్ తోకలోని మూడు అచ్చులూ కలిసి ఒక్క ‘అస్’గా మిగులుతాయి. తెలుగు లిపిలో రాసిన మరుక్షణం పంచస్వర మహిమ మాయమవుతుంది. మన చిత్రకవులు నిరోష్ఠ్యం పట్టినప్పుడు పెదవులు నిజంగానే కలవవు. దండి దశకుమారచరితంలో మంత్రగుప్తుడు గాయపడ్డ పెదవులతో పెదవులంటని అక్షరాలే వాడి కథ చెబుతాడు. అక్కడ అక్షర నియమానికి కథలోనే కారణం ఉంది, కవి దాన్ని తెలిసి పట్టాడు. ఇంగ్లీషు పంచస్వరాన్ని ఎవరూ పట్టలేదు. పుట్టిపోయిన మాటల్లో తర్వాతివారు కనిపెట్టారు.

పూర్వపక్షం. లక్షల మాటలున్న భాషలో ఏదో ఒకటి కాకతాళీయంగా వరసలో పడుతుంది, దీనికి ప్రత్యయ సిద్ధాంతం దేనికని ఒక ఆక్షేపణ. కొంత ఒప్పుకుంటాం: తోకకు ముందు ఏ, ఈ కుదరడం దైవాధీనమే. మొత్తమంతా దైవాధీనమే అయితే మాత్రం ఈ మాటలు రకరకాలుగా ముగియాలి. మూడూ ఒకే తోక ఎందుకు ఊపుతున్నాయి? ఎడ్యుకేషన్‌లో అయిదు అచ్చులూ ఉన్నాయి, వరస లేదు. ఆ తోక లేదు గనక. తోక ఒక్కటే చాలదనడానికి శాక్రిలీజియస్ సాక్షి. దైవాపచారమని అర్థమున్న ఆ మాటలో తోక సరిగానే ఉంది, కాని ఈ కంటే ముందు ఒక ఐ జొరబడి వరస చెడగొట్టింది. వరసను తిరగేసి చూసినా ఇదే న్యాయం. యూ, ఓ, ఐ, ఈ, ఏ అని వెనక నుంచి వచ్చే మాటల్లో సబ్‌కాంటినెంటల్ ఒకటి, అంటే మన ఉపఖండానికి సంబంధించినది. అందులో యూ ఇచ్చింది ముందున్న ఉపసర్గ, ఏ ఇచ్చింది వెనకున్న ప్రత్యయం. మనల్ని చెప్పే మాట అచ్చుల్ని తలకిందులుగా మోస్తోందని ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు, తప్పు వ్యాకరణానిది.

మరో ఆక్షేపణ. ఫసీషస్, అబ్‌స్టీమియస్ రెండూ మనిషి గుణాలే కదా, అక్షరాలు కలిస్తే అర్థాలూ దగ్గరవుతాయనకూడదా అని. అనకూడదు. విశేషణ ప్రత్యయం ఎక్కడుంటే అక్కడ గుణవాచకం పుడుతుంది; పాషాణం మనిషి గుణం కాదు గనక ఆర్సీనియస్ ఒక్కటే ఈ వాదాన్ని చంపడానికి చాలు. అక్షరాల్లో అర్థం వెతికితే ఎంత దూరం పోతామో చెప్పడానికి షేక్‌స్పియర్ ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’ అయిదో అంకంలోని ఆనరిఫికాబిలిట్యూడినిటాటిబస్ ఉంది. 27 అక్షరాలు, హల్లు ఒకటి అచ్చు ఒకటి చొప్పున చివరిదాకా. ఎడ్విన్ డర్నింగ్-లారెన్స్ 1910లో ఈ అక్షరాల్ని అటూ ఇటూ మార్చి, ఈ నాటకాలు రాసింది ఫ్రాన్సిస్ బేకన్ అని చాటే ఒక లాటిన్ వాక్యం తీశాడు. బేకన్ పుట్టింది 1561లో. ఈ మాటకు మరో రూపాన్ని, 1321లో కన్నుమూసిన డాంటే అప్పటికే తన గ్రంథంలో ఉదాహరించాడు. బేకన్ సంతకం అతని పుట్టుకకు రెండు వందల ఏళ్ల ముందే ఎలా పడిందో చెప్పే భారం ఆ పక్షంవారిది. మాటకు ఆ పొడుగు ఇచ్చింది రహస్యం కాదు, ఒకదాని మీద ఒకటి పేర్చిన లాటిన్ ప్రత్యయాలు. ఆ చివరి తోక బహువచన విభక్తి.

విశేషాలు. సిద్ధాంతానికి బలమైన సాక్ష్యం 29 అక్షరాల ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్. దేనికీ విలువ లేదని తీసిపారేయడం దీని అర్థం. ఇందులో ఈ అనే అక్షరం ఒక్కటీ లేదు, ఐ తొమ్మిదిసార్లు వస్తుంది. ఇదేం విడ్డూరమంటే, లాటిన్‌లో ఉన్నిపోగు, వెంట్రుక, శూన్యం వంటి పనికిమాలినవాటి పేర్లు నాలుగు తెచ్చి, ‘ఇంత విలువ’ అని చెప్పే షష్ఠీ విభక్తిలో పెట్టి, చివర ‘చేయడం’ అనే అర్థమిచ్చే ప్రత్యయం తగిలించారు. ఆ విభక్తికి గుర్తు ఐ. నాలుగు మాటల చివరా అదే ఉంది. మిగిలినవాటిలో రెండు ఆ ప్రత్యయం తెచ్చుకున్నవి. వినడానికి బండరాయిలా ఉన్న మాట విగ్రహవాక్యం చెప్పగానే పిండి అవుతుంది. పొడుగుకు మనం బెదరవలసిన పనీ లేదు. విజయనగరంలో తిరుమలాంబ రాసిన వరదాంబికా పరిణయ చంపువులో కంచి ప్రాంతాన్ని వర్ణించే సమాసానికి 195 అక్షరాలు. విడదీయడం తెలిసినవాడికి అది ఒక ప్రాంతపు వర్ణన మాత్రమే.

ఫలం. ఇంత విచారించి ఏం లాభమంటే, జీఆర్‌ఈ కోసం మాటల పట్టీలు వల్లించే మన పిల్లలకు పనికొస్తుంది. అకారాది క్రమంలో వల్లిస్తే అబ్‌స్టీమియస్ పక్కన దానికి ఏమీ కాని మాట కూచుంటుంది. రేపు పరీక్షలో రెండూ కలిసిపోతాయి. తోకలు, తలలు విడదీసి ధాతువును పట్టుకుంటే ఒక మాట పది మాటల్ని తెస్తుంది. అక్షరపోలికను నమ్మితే మాత్రం పరాచికాలవాడికీ పాషాణానికీ తేడా తెలియదు. అమెరికా స్పెల్లింగ్ బీ వేదిక మీద, తెలుగిళ్ల పిల్లలతో సహా, పోటీదారులు ఎరగని మాట ఎదురైనప్పుడు మైకు దగ్గర అడిగే ప్రశ్నల్లో ఇది తరచూ వినబడుతుంది: ఇది ఏ భాష నుంచి వచ్చింది? అర్థమూ అడుగుతారు, భాషాభాగమూ అడుగుతారు. అడిగినవాటికి జవాబు అందాకే అక్షరాలు పలకడం మొదలుపెడతారు. టీకా అంటే అదే.