ఒక్క పేరూ వదల్లేదు

ఉస్మానియా క్యాంపస్‌కు పాట కొత్త కాదు. గజ్జె కట్టి, గొంగడి భుజాన వేసుకొని ధూంధాం ఆడిన బృందాలెన్నింటినో చూసిన నేల అది. మల్లన్నసాగర్ నిర్వాసితుల కోసం సంగీతం, కవిత్వం అని పోస్టర్ చూసి ఆ సాయంత్రం వచ్చినవాళ్లంతా కోరస్ అందుకోవడానికి సిద్ధపడే వచ్చారు. తీరా చూస్తే పాటే లేదు. వేదిక మీద ఒక డప్పు, ఒక ల్యాప్‌టాప్, ఒక ఇసుర్రాయి, ఆ రాతికి టేపుతో అంటించిన గుండీ అంత మైకు. వాటి వెనక నలుగురు పిల్లలు.

తార్నాకలో ఒక డాబా మీది గదిలో నెలల తరబడి సాధన చేశారు వాళ్లు. సంగీతం చూసుకున్న అబ్బాయికి అమెరికా సంగీతకారుడు స్టీవ్ రైష్ అంటే ప్రాణం. హార్లెంలో హత్యకేసులో ఇరికిన ఆరుగురు నల్లజాతి కుర్రాళ్లకు మళ్లీ విచారణ జరిపించాలని, 1966లో న్యూయార్క్‌లో విరాళాల సభ పెట్టారు. ఆ ఆరుగురిలో ఒకడు పోలీసు దెబ్బల గురించి చెప్పిన మాటల్లోంచి ఐదంటే ఐదు పదాలు తీసుకొని, టేపు మీద తిప్పి తిప్పి, మాట కాస్తా మోతగా మారేదాకా సాగదీశాడు రైష్. అది మొదట వినిపించింది ఆ సభలోనే. అలాంటి పని మన గడ్డ మీద, మన కష్టానికి జరగాలని ఈ పిల్లలు పట్టుబట్టడం నాకు ఎంతో నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది.

కవిత్వం బాధ్యత తీసుకున్న అమ్మాయి ఒక్క వాక్యం కూడా సొంతంగా రాయనంది. ఊళ్లను ముంచింది కాగితాలే కాబట్టి ఆ కాగితాలనే చదువుతానంది.

మల్లన్నసాగర్ సిద్దిపేట జిల్లాలో 50 టీఎంసీల జలాశయం. 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించారు. వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ లాంటి ఊళ్లు దాని కింద పోయాయి. వేములఘాట్ జనం వందల రోజులు రిలే నిరాహార దీక్ష చేశారు. భూములు నేరుగా కొనేందుకు 2015లో తెచ్చిన జీవో 123 మీద వ్యవసాయ కూలీలు కోర్టుకెక్కితే, 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి దాన్ని కొట్టేశారు. భూమి ఉన్నవాడికి ధర కడతారు సరే, ఆ భూమిలో కూలి చేసుకుని బతికినవాడి సంగతేమిటన్నది ఆనాటి తగువు. ఇక ఆ జలాశయం నుంచి హైదరాబాదుకు నీళ్లు తెచ్చే పనికి 2025 సెప్టెంబరులో శంకుస్థాపన కూడా అయింది. ఆ హాల్లో కూర్చున్న మేమంతా రేపు తాగబోయే నీళ్లవి.

ముందు వరసలో ఒక అవ్వ కూర్చుంది. తార్నాకలో ఒక మెస్సులో అంట్లు తోముతుంది. నీళ్లలో పోయిన ఊళ్లలో ఒకటి ఆమెది. ఆ మెస్సులో తినే విద్యార్థిని ఒకామె, "అవ్వా, మీ ఊరోళ్ల పేర్లన్నీ సదువుతరంట, రా" అని వెంటబెట్టుకొచ్చింది. ఉతికిన చీర కట్టుకొని, పని మధ్యలోనే వచ్చిందేమో, చేతులింకా నాని ముడతలు పడి ఉన్నాయి. వాళ్ల వెనక కుర్చీ నాది.

మొదట 2013 భూసేకరణ చట్టం. కుటుంబం అంటే ఎవరో అందులో రాసి ఉంది. భర్త చనిపోయిన స్త్రీ, విడాకులైన స్త్రీ, అయినవాళ్లు వదిలేసిన స్త్రీ వేరే కుటుంబం కిందే లెక్క. ఆ ముక్క చదువుతున్నప్పుడు అవ్వ పక్కనున్న అమ్మాయి మణికట్టు పట్టుకుంది.

"ఏమన్నది బిడ్డా? మల్ల జెప్పుమను."

చెప్పమనాల్సిన పని లేకపోయింది. ల్యాప్‌టాప్ ఆ ముక్కనే పట్టుకొని తిప్పడం మొదలుపెట్టింది. వదిలేసిన స్త్రీ, వేరే కుటుంబం. వదిలేసిన స్త్రీ, వేరే కుటుంబం. ఒక గొంతు మీద ఇంకో గొంతు ఎక్కింది, కింద ఇసుర్రాయి గరగర మొదలైంది, చివరికి అక్షరాలు అరిగిపోయి ఉత్త హోరు మిగిలింది. మా అందరికీ ఒళ్లు గగుర్పొడిచింది. అవ్వ మాత్రం మెడ ముందుకు చాచి, ఆ హోరులో ఇంకా మాటల కోసమే వెతుక్కుంటోంది.

తర్వాత పేర్లు. ఒక ఊరి నిర్వాసితుల జాబితా మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా. పేరుకో డప్పు దెబ్బ, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఊపిరి తీసుకునేంత నిశ్శబ్దం. మొదట కాసేపు జనం కుర్చీల్లో అటూ ఇటూ కదిలారు. పోనుపోను కదలిక ఆగిపోయింది. పావుగంట గడిచేసరికి నా పక్కనున్న లెక్చరర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. అవ్వ ఏడవలేదు. ఇంటి వరస పట్టుకొని, వేదిక మీది అమ్మాయి కంటే ముందే తర్వాతి పేరు పెదాలతో అనేస్తోంది. అది నిజమైనప్పుడల్లా తల ఊపుతోంది. మునిగిన ఊళ్లో ఆమె వాకిలి వాకిలీ తిరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఒకచోట మాత్రం పెదాలు కదిలాయి, వేదిక మీద వేరే పేరు వినబడింది. మళ్లీ మొదటికి వస్తుందేమో అన్నట్టు ఆగి, చీర కొంగు సర్దుకుంది.

చివరి దెబ్బ పడ్డాక చాలాసేపటికి గానీ చప్పట్లు మొదలు కాలేదు. ఆ పిల్లలు దానికి అన్ని విధాలా అర్హులు. పునరావాస కాలనీలోని పిల్లల ఫీజుల కోసం పెట్టిన అట్టపెట్టె తలుపు దగ్గరికి వచ్చేసరికే నిండింది. జనం వెళ్లిపోతున్నారు, వైర్లు చుడుతున్నారు. అవ్వ లేవలేదు. కవిత్వం చదివిన అమ్మాయి దిగివచ్చి ఆమె కాళ్లకు మొక్కింది.

"మొత్తం సదివినవా బిడ్డా?"

"మొత్తం అవ్వా. ఒక్క పేరు గూడ ఇడిసిపెట్టలే."

"ఏ కాయితం జూసి?"

"ఆఫీసుదే అవ్వా. ఆర్టీఐ పెట్టి తెచ్చినం. అండ్ల ఎట్లుంటే అట్లనే సదివిన."

అవ్వ ఆమె తల నిమిరింది.

"గదా సంగతి. మొగడు ఇడిసిపెట్టినకాడి నుంచి ఆ ఊళ్లెనే ఉంటి. రాసుకునేటోళ్లు వచ్చిననాడు తలుపుకాడ నేనే నిలవడ్డ, మా తమ్ముని పేరు రాస్కపోయిన్రు. గా కాయితంల నేను లేను బిడ్డా. మీరు పాటోళ్లు గదా, మమ్ముల అడిగి రాసుకున్నరేమో అనుకొని ఆఖరుదాంక కూసున్న."