ఆలస్యాదమృతమ్

ఆలస్యమువలన అమృతము సైతము విషమగునని సెలవిచ్చిన పూర్వులు ఎంతటి ప్రాజ్ఞులైనను, మార్చి నెల తుదివారమున వరంగల్ మహానగరపాలక సంస్థవారి పన్ను కౌంటరు ముందు ఒక్కమారైనను నిలిచియుండరని నా దృఢవిశ్వాసము. నిలిచియుండినచో ఆ సూక్తిని తాటాకునకెక్కించుటకు పూర్వమే దానికి రెండు మూడు మినహాయింపులను తప్పక జోడించియుందురు.

నయీంనగరులో ఎదురెదురు ఇండ్లయందు ఇరువురు గృహస్థులున్నారనుకొందము. మొదటివాడు ఏప్రిల్ మాసము ప్రవేశించినదే తడవుగా ఆ యేటి యింటిపన్నును చెల్లించి, ‘ఎర్లీ బర్డ్’ అను పథకము క్రింద నూటికి 5 వంతుల రాయితీని పొంది, రసీదును దేవుని పటము వెనుక దోపి, నిశ్చింతగా నిద్రించును. రెండవవాడు చెల్లింపడు. చెల్లింపవలెనని అతడు ప్రతిదినమును సంకల్పించుచునే యుండును. సంకల్పము చాలినంత సంతృప్తి నిచ్చుటచే కార్యమునకు అవసరము కలుగదు, అంతియే. బకాయి పెరుగును, బకాయిమీద వడ్డీ పెరుగును. ఆ వడ్డీ విశ్వరూపము దాల్చుసరికి, 2020లోను, 2022లోను, 2024, 2025 సంవత్సరముల మార్చి నెలలలోను జరిగినట్లు, ప్రభుత్వమువారి హృదయము ద్రవించి, వడ్డీలో నూటికి 90 వంతులు మాఫీ యని ప్రకటింతురు. ఒకటి పన్నులో తగ్గింపు, రెండవది వడ్డీలో తగ్గింపు, రెంటిని పోల్చుట గణితశాస్త్రమునకే ద్రోహమని లెక్కలు తెలిసిన మిత్రులు నన్ను మందలింపవచ్చును. ఒప్పుకొందును, కాని మనుష్యుడు ఫ్లెక్సీ మీది పెద్ద అంకెను చదువును గాని దాని క్రింది చిన్న యక్షరములను చదువడు.

ట్రాఫిక్ చలాన్ల చరిత్ర ఇంతకంటెను రసవత్తరమైనది. హన్మకొండ చౌరస్తాలో శిరస్త్రాణము లేక పట్టుబడి, భయపడి, ఆ సాయంకాలమే సొమ్ము కట్టిన అమాయకుడు నూటికి నూరును కట్టెను. ఫోనుకు వచ్చిన సందేశమును చూచియు చూడనట్లుండిన ధీరునకు, 2023 డిసెంబరు 26 మొదలుకొని, ద్విచక్రవాహనమైనచో నూటికి 20 రూపాయలతో సర్వపాపపరిహారము లభించెను. ఈ మహదవకాశమునకు జనవరి 10 గడువని తొలుత చాటిరి. పిదప జనవరి 31 అనిరి. తుదకు ఫిబ్రవరి 15 వఱకును సాగదీసిరి. అనగా, ఆలస్యమునకిచ్చిన బహుమానమును అందుకొనుటయందును మనవారు ఆలస్యము చేయగా, ఆ ఆలస్యమును సైతము ఏలినవారు మన్నించిరన్నమాట! ఇట్టి కరుణ పురాణములలోని దేవతలయందును అరుదు.

ఇక పరీక్షకు ముందటి రాత్రి ‘ఆల్ ఇన్ వన్’ గైడు ముందు కూర్చుండి, ఇంపార్టెంట్ ప్రశ్నలకై మిత్రులకు ఫోనులు చేయుచు, నాలుగవ టీ త్రాగుచున్న డిగ్రీ విద్యార్థిని తండ్రి ఏ ముఖముతో తిట్టగలడు? పరీక్షరుసుము ప్రకటనయందే అపరాధరుసుము లేక ఫలానా తేదీ, కొంత అపరాధరుసుముతో మఱియొక తేదీ, ఇంకను హెచ్చు రుసుముతో వేఱొక తేదీ యని సోపానములు కట్టి చూపినప్పుడు, మొదటి తేదీ తేదీయే కాదని వాడు గ్రహించుట మేధకు నిదర్శనము గాని దోషము కాదు. వాడు పెరిగినది ఏ నగరమున? 2016లో స్మార్ట్ సిటీగా ఎంపికైన నగరమున. ఆ మిషన్ గడువు 2023 జూన్‌కును, 2024 జూన్‌కును, తుదకు 2025 మార్చి 31కిని జరుగుచుండగా, వాడు ప్రాథమిక పాఠశాలనుండి డిగ్రీ కళాశాలకు, మధ్యలో ఒక్క తరగతియైనను తప్పక, సకాలమున చేరుకొనెను.

వేయిస్తంభాల గుడియందలి కల్యాణమండపమునే చూడుడు. జీర్ణోద్ధరణకని 2005–06 ప్రాంతమున దానిని రాయి రాయిగా విప్పిరి. తిరిగి నిలిపి, శివరాత్రినాడు తలుపులు తెఱచినది 2024 మార్చి 8న. కాకతీయులు ఇసుక పునాదిమీద నిలిపిన రాళ్ళను మరల వాని వాని తావులలో కూర్చుట సామాన్యమైన పని కాదు, ఆ శిల్పుల శ్రమకు నేను నమస్కరించుచున్నాను. కాని ఈ నడుమ అచ్చట పెండ్లి చేయుదునని మ్రొక్కుకొన్న తండ్రి యెవడైన నుండినచో, కూతురు పెండ్లికి మ్రొక్కిన మ్రొక్కు మనుమరాలి పెండ్లికి తీరవలసినదే.

ఈ యేడు ఏప్రిల్‌లో మన నయీంనగరు మొదటి గృహస్థు, యథాప్రకారము సొమ్ము జేబులో నుంచుకొని మీసేవా కేంద్రమునకు పోయి, కంప్యూటరు ముందున్న కుఱ్ఱవాని చెవిలో, మాఫీ మరల ఎప్పుడు వచ్చునని మెల్లగా అడిగెనట. “తొందరేముంది సార్, మార్చిల రాండ్రి. గప్పటికి ఏదో ఒకటి రాకపోతదా?” అని వాడు అభయమిచ్చెనట.