రాత్రయిందని ఒంటికి తెలియనివ్వని పద్ధతులు

చీకటి పడ్డ సంగతి ఒంటికి తెలియనివ్వకూడదంటే ఏమేం చేయాలో ఇక్కడ రాస్తున్నాను. వీటిలో ఒక్కటి కూడా ఎవరూ పాటించకూడదనే నా కోరిక. తలకిందులుగా ఎందుకు రాస్తున్నానంటే, వీటిలో ఎన్ని ఇప్పటికే మన ఇళ్లలో నడుస్తున్నాయో అలాగైతేనే చప్పున కనబడుతుంది.

ముందుగా, మెలటోనిన్ అంటే నిద్రమాత్ర అని గట్టిగా నమ్మండి. మిగతా పొరపాట్లన్నిటికీ ఇదే మొదలు. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ దీన్ని పశువుల పీనియల్ గ్రంథుల నుంచి వేరుచేశారు. ఆయన చర్మవైద్యుడు. వెతికింది నిద్రకు కాదు, బొల్లికి మందు దొరుకుతుందేమోనని. మన మెదడు నడుమ బియ్యపుగింజంత ఉండే ఆ గ్రంథి చీకటి పడ్డాక మెలటోనిన్‌ను రక్తంలోకి వదులుతుంది. రాత్రంతా మెలకువగా తిరిగే ఎలుకలో కూడా ఇది ఊరేది రాత్రే. అంటే దీని పని మనిషిని పడుకోబెట్టడం కాదు, రాత్రయిందన్న కబురు ఒంటికంతటికీ అందించడం. మనకు ఆ కబురు నిద్రకు దారి తీస్తుంది, అంతే.

ఆ కబురు ఆపాలంటే పడుకునేదాకా హాల్లో ట్యూబ్‌లైట్లన్నీ వెలిగించి ఉంచండి. మామూలుగా పడుకునే వేళకు రెండు గంటల ముందే మెలటోనిన్ పెరగడం మొదలవుతుంది. కంటి రెటీనాలో మెలనాప్సిన్ అనే పదార్థమున్న కణాలు కొన్ని ఉన్నాయి. బొమ్మ చూపించడం కాదు, వెలుగు ఎంతుందో మెదడులోని గడియారానికి చెప్పడం వాటి ముఖ్యమైన పని. నీలి వెలుగంటే వాటికి మరీ చురుకు. నింద అంతా ఫోన్ మీద వేసి ట్యూబ్‌లైటును వదిలేస్తున్నాం. రాత్రి పూట 200 లక్స్ లోపు గది వెలుతురే మెలటోనిన్ ఊరే వ్యవధిని సుమారు గంటన్నర తగ్గించిందని 2011 నాటి పరిశోధన చూపింది. చిన్నపిల్లల సంగతి ఇంకా ఘోరం. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో బడి వయసు రాని పిల్లలను పడుకోబోయే ముందు గంటసేపు ప్రకాశవంతమైన వెలుగులో ఉంచితే మెలటోనిన్ దాదాపు 88 శాతం పడిపోయింది. దీపాలు తీసేశాక కూడా వెంటనే కోలుకోలేదు. తొమ్మిదింటికి దేదీప్యమానంగా దీపాలు పెట్టి, పదింటికి ‘ఎంతకీ పడుకోడేం!’ అని పిల్లాడి మీద అరవడం అన్యాయం.

రాత్రి భోజనం పదింటికి జరపండి. దీన్ని మనవాళ్లు అసలు తప్పుగానే చూడరు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. క్లోమంలో కూడా మెలటోనిన్ గ్రాహకాలున్నాయి. మెలటోనిన్ పెరిగిన వేళ తిండి పడితే ఇన్సులిన్ తక్కువగా ఊరి, చక్కెర ఎక్కువవుతుందని 2022లో స్పెయిన్‌లో చేసిన పరీక్ష తేల్చింది. ఎంటీఎన్ఆర్1బీ అనే జన్యువులో ఒక రకం మార్పున్నవారిలో ఈ దెబ్బ మరింత గట్టిది. ఇంటికొకరు షుగర్ మాత్ర వేసుకునే మన ఊళ్లలో ఏం తింటున్నారని అందరూ అడుగుతారు. ఎన్నింటికి తింటున్నారని కూడా అడగాలి.

ఇక నిద్ర పట్టకపోతే పది మిల్లీగ్రాముల మెలటోనిన్ గమ్మీ నోట్లో వేసుకోండి, పిల్లలకు కూడా చాక్లెట్‌లా ఇవ్వండి. డబ్బా మీది అంకెను ప్రశ్నించకండి. కెనడాలో కొన్న మెలటోనిన్ ఉత్పత్తులను పరీక్షిస్తే, 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఒకదానిలో రాసినదానికంటే 83 శాతం తక్కువుంది, మరొకదానిలో 478 శాతం ఎక్కువుంది! మోతాదుకంటే వేళ ముఖ్యం. సాయంత్రం వేసుకుంటే లోపలి గడియారం ముందుకు జరుగుతుంది, తెల్లవారాక వేసుకుంటే వెనక్కి పోతుంది. డల్లాస్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో దిగి, పగలు తూగు వస్తోందని మధ్యాహ్నం మాత్ర వేసుకునేవాళ్లు జెట్‌లాగ్‌ను తామే సాగదీసుకుంటున్నారు. ఫ్లూవోక్సమిన్ అనే మానసిక ఔషధం వాడేవారిలో మెలటోనిన్ రక్తంలో ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. వాళ్లు మాత్రం నిజంగానే డాక్టరును అడగకుండా దీన్ని ముట్టుకోవద్దు.

చివరగా, నైట్ షిఫ్టు కొన్నాళ్లకు అలవాటైపోతుందని అందరికీ చెప్పండి. చాలామందికి ఏళ్లు గడిచినా అలవాటు కాదు. శరీర గడియారాన్ని చెదరగొట్టే రాత్రి పనిని 2007లోనే అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ కేన్సర్ కలిగించే అవకాశమున్న వాటిలో చేర్చింది. మాదాపూర్ నుంచి తెల్లారి క్యాబ్‌లో ఇంటికి వచ్చే అమ్మాయి ముఖాన ఎండ పడగానే పగలయిందని గడియారానికి కబురు వెళ్లిపోతుంది. ఇది మాత్రం తలకిందులుగా కాదు, నిజంగానే చెబుతున్నాను: ఆ దారిలో నల్ల కళ్లద్దాలు పెట్టుకోమనండి, పడుకునే గదికి దళసరి తెర కట్టండి. పదకొండింటికి ఇల్లు ఊడవాలని ఆ తెర తీయకండి.