ఎనభై కిలోల జట్టు

మా చిన్న మావయ్య కొత్త మనిషిని చూస్తే ఊరూ పేరూ అడగడు. కాళ్ళ దగ్గర్నుంచి తలదాకా ఒకసారి చూసి, నోట్లో ఏదో నములుతున్నట్టు దవడ అటూ ఇటూ కదిపి, లోపల ఒక అంకె వేసేసుకుంటాడు. ఆ అంకె లోపలే ఉంచుకుంటే ఎవరికీ నష్టం లేదు. నా పెళ్ళిలో, విడిదింట్లో మా మామగారి వైపు పెద్దలంతా కాఫీలు తాగుతుండగా, నా భుజం మీద చెయ్యేసి, "మా అల్లుడండి. మూడొందల ఇరవై. గుండే గానీ సైజు లేదు," అన్నాడు.

మా మామగారిది కాకినాడ. 320 అంటే నా ఎంసెట్ ర్యాంకనుకున్నారు. చాలా సంతోషించారు. అంత ర్యాంకొచ్చినవాడు టెక్కలిలో బడిపంతులుగా ఎందుకు మిగిలాడని ఆయన అడగలేదు, ప్రజాసేవ అనుకుని ఉంటారు. ఇరవై ఏళ్ళు దాటింది. ఆ అపోహ తొలగించే ధైర్యం నాకు ఇంతవరకూ రాలేదు.

ఉద్దానం వాళ్ళకి ఈ లెక్క చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతాను. పలాస కాశీబుగ్గలో జీడిపప్పుకి అంకెలుంటాయి. 180 కౌంట్ అంటే ఒక పౌను తూకానికి 180 పప్పులకు మించి పట్టవు. 240 అంటే అంతకంటే చిన్నవి, 320 ఇంకా చిన్నవి. అంకె పెరిగేకొద్దీ పప్పు తగ్గుతుంది, ధర తగ్గుతుంది, మర్యాద కూడా తగ్గుతుంది. విరక్కుండా మొత్తంగా ఉంటే గుండు. రెండుగా విడిపోతే బద్ద. ఆ కిందవి ముక్క. మావయ్య ముప్పై ఏళ్ళు ఒక జీడి ఫ్యాక్టరీలో గ్రేడింగు బల్లల దగ్గర సూపర్‌వైజరు. ఏరేది ఆడవాళ్ళు. వాళ్ళు ఏరినదాన్ని అనుమానించడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక అనుమానించడానికి పప్పు లేకపోయేసరికి లోకం మీద పడ్డాడు. రైళ్ళకి గ్రేడు వేశాడు. పనసకాయలకి, పురోహితులకి, ఆర్‌ఎంపీ డాక్టర్లకి వేశాడు. ఓసారి సరదాగా తేలినీలాపురం తీసుకెళ్ళి వలస పక్షుల్ని చూపిస్తే, చింతచెట్ల మీద పెలికాన్ల గుంపుని చాలాసేపు చూసి, "సంచీ పెద్దదే. సరుకే లేదు," అన్నాడు.

అలాంటి మనిషికి 2014 జులై 26న ప్రో కబడ్డీని పరిచయం చేశారు. పండిన జీడితోట పక్కన కోతికి ఇల్లు కట్టించినట్టయింది.

మావయ్య కుర్రతనంలో సంక్రాంతికి సముద్రం ఒడ్డున ఇసకలో చెడుగుడు ఆడేవాడట. ఒక్క ఊపిరిలో కూత పెట్టి ఇద్దర్ని ముట్టుకొచ్చేవాణ్ణని ఆయనే చెబుతాడు, సాక్షులు ఎవరూ బతికి లేరు. టీవీలో 30 సెకన్ల గడియారం, మ్యాట్, బూట్లు చూసి మొదట్లో ముఖం చిట్లించాడు. "ఇసక లేందే కబడ్డీయేట్రా, పరుపుమీద ఆడినట్టుంది" అన్నవాడు పదో రోజుకల్లా తెల్లకాగితం తీసి కూతకెళ్ళే కుర్రాళ్ళని గ్రేడు చెయ్యడం మొదలెట్టాడు. పట్టుకునేవాళ్ళంటే ఆయనకి చిన్నచూపు. కార్నర్లు, కవర్లు అంతా బద్ద సరుకే. రైడరే గుండు.

ఏడాదికోసారి, సీజన్‌కి ముందు ఆదివారం, వజ్రపుకొత్తూరు మండలంలోని మావయ్య ఇంటి అరుగు మీద వేలం జరుగుతుంది. ఎనిమిది మందిమి. ఓ రిటైర్డ్ కండక్టరు, ఓ కొబ్బరి వ్యాపారి, మంగలి షాపాయన, నాలాంటి మేస్టర్లు. మనిషికి ఒక బస్తా. జీడిపిక్కల బస్తా అంటే మా దగ్గర ఎనభై కిలోలు, కాబట్టి ప్రతివాడి ఖజానా ఎనభై కిలోలు. అందులోనే ఏడుగురిని కొనాలి. "మణీందర్ సింగ్, పన్నెండు కిలోలు!" "పదమూడున్నర!" అని అరుస్తుంటే దారిన పోయేవాళ్ళు ఎవర్నో తూకానికి అమ్మేస్తున్నారని ఆగి చూస్తారు. సీజన్ అయ్యాక పాయింట్లు కూడి, ఓడిన ఏడుగురూ కలిసి గెలిచినవాడికి రెండు కిలోల 180 పప్పు కొనివ్వాలి. ఆఖరివాడికి పావుకిలో ముక్క.

ఫోన్లో డబ్బు కట్టి జట్టు కట్టుకునే ఆటలు మన రాష్ట్రంలో 2020లోనే మూసేశారు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి పోదామా అంటే ఆ ఆటల కంపెనీలు అక్కడా తలుపు తీసేవి కావు. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి దేశమంతటికీ తాళం వేసింది. ఆ వార్త చదివి మావయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ, "మనది డబ్బు కాదు గదా, ప్రసాదం," అన్నాడు.

గ్రేడింగులో మావయ్య గొప్పతనం తరుగులో ఉంది. పిక్క తేమగా ఉంటే తూకంలో కొంత కొట్టేస్తారు, అదే తరుగు. ఆటగాడికీ అంతే. మోకాలికి కట్టు కనిపిస్తే రెండు కిలోల తరుగు. కొత్తగా పెళ్ళయితే కిలో. కోచ్‌తో పడకపోతే కిలోన్నర. నవీన్ కుమార్‌ని అందరూ 'ఎక్స్‌ప్రెస్' అంటారని తెలిసి అరకిలో కొట్టేశాడు. "పలాసలో ఆగని ఎక్స్‌ప్రెస్ మనకెందుకురా?" పర్‌దీప్ నర్వాల్‌కి మాత్రం తరుగు లేదు. 2017లో ఒక్క సీజన్‌లో 369 రైడ్ పాయింట్లు, అందులో హర్యానా మీద ఒకే మ్యాచ్‌లో 34, ఆ మ్యాచ్‌లోనే ఒక్క కూతలో ఆరుగుర్ని ముట్టి ఆలౌట్‌తో కలిపి 8. తలవంచి దూరిపోయే వాడి డుబ్కీ చూసినప్పుడల్లా మావయ్య కుర్చీలోనే వంగి, ఎవరి చేతుల కిందనుంచో దూరి, ఇవతలికి వచ్చేవాడు. ఓసారి టీపాయ్ మీది గ్లాసులు కూడా ఔటయ్యాయి.

ఇంత కచ్చితమైన మనిషి తెలుగు టైటాన్స్ రాహుల్ చౌదరి దగ్గరకొచ్చేసరికి తొక్కతో సహా తూచేవాడు. ఏటా పాతిక కిలోలు పోసేవాడు. "మనవోడు" అనేవాడు. రాహుల్ ఉత్తరప్రదేశ్ కుర్రాడని చెబితే, "జెర్సీ మనది గాదేటి?" అని నన్నే కసిరేవాడు. తర్వాత రాహుల్ వెళ్ళిపోయాడు గానీ మావయ్య టైటాన్స్‌ని వదల్లేదు. 8, 9, 10 సీజన్లలో వాళ్ళు వరసగా అట్టడుగున ఉన్నారు, వాళ్ళతోపాటు ఆయనా మూడేళ్ళు ముక్కపప్పు తిన్నాడు.

నేను గెలిచిన ఏడాది గురించి చెప్పకపోతే ఈ వ్యాసం రాయడం దండగ. 2018 అక్టోబరు 7న ఆరో సీజన్ మొదలైంది. అయిదో నాడు, 11 తెల్లవారుజామున, తిత్లీ తుపాను మా తీరాన్నే దాటింది. తాతలనాటి కొబ్బరి, జీడి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. ఉద్దానం పేరు పేపర్లో వస్తే కిడ్నీ జబ్బుల గురించో, లేకపోతే ఇలాంటివాటి గురించో. కరెంటు లేదు, ఫోన్లు లేవు. నేను నీళ్ళ డబ్బాలు తీసుకుని టెక్కలినుంచి వెళ్ళేసరికి మావయ్య పడిపోయిన చెట్ల మధ్య మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. చెట్లు పోయిన మనిషితో ఏం మాట్లాడాలో తెలియక పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి ఆయనే అన్నాడు: "రాహుల్ ఎన్ని కొట్టినాడ్రా?"

ఆ చీకటి రోజుల్లో బెంగళూరు జట్టులో పవన్ సెహ్రావత్ అనే కుర్రాడు లేచాడు. వేలంలో మావయ్య వాడికి 320 గ్రేడు వేసి వదిలేస్తే నేను నాలుగు కిలోలకి కొన్నాను. 2019 జనవరి 5న ఫైనల్లో వాడొక్కడే 22 పాయింట్లు కొట్టి కప్పు తెచ్చాడు. నాకు రెండు కిలోల 180 వచ్చింది. మావయ్య దాన్ని ఇప్పటికీ 'తిత్లీ కప్పు' అంటాడు. కరెంటు లేనప్పటి లెక్కలు చెల్లవట.

చెల్లకపోయినా కడుపులో ఉంచుకున్నాడు. 2022లో తమిళ్ తలైవాస్ పవన్‌ని 2 కోట్ల 26 లక్షలకి కొంటే, మావయ్య మా అరుగు మీద 41 కిలోలకి కొన్నాడు. సగం బస్తా పైనే! తరుగు తియ్యమని కండక్టరుగారు నచ్చజెప్పబోతే వినలేదు. అక్టోబరు 8, వాళ్ళ మొదటి మ్యాచ్. కాసేపటికే ఎవర్నో పట్టుకోబోయి పవన్ మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. మళ్ళీ ఆ సీజన్‌లో ఆడలేదు. మావయ్య టీవీ కట్టేసి, "ఓరి బాబో, కూతకెళ్ళాల్సినోడికి పట్టుకోడం ఎందుకురా?" అని అత్తయ్యని అడిగాడు. అత్తయ్య చింతపండు పిక్కలు తీస్తూ, "నువ్వెల్లి సెప్పు," అంది.

ఈ జబ్బు ఉద్దానం నీళ్ళలో ఉందనుకునేవాణ్ణి. కాదట. మావయ్య కొడుకు, మా బావ, అమెరికాలో షార్లెట్‌లో ఉంటాడు. ఏటా ఆగస్టు చివర వాళ్ళ ఆఫీసులో పన్నెండు మంది కూర్చుని ఇదే పని చేస్తారు. వాళ్ళ ఫుట్‌బాల్‌లో కాళ్ళకి పనిలేదు, కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని మనుషుల గోడలోకి దూరాలి. అలా దూరేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. వాళ్ళలో ఎవడు ముందు, ఎవడు వెనక అని జనం నెలల తరబడి జాబితాలు రాస్తారట. ఈ సరదా 1962లో వింకెన్‌బాక్ అనే ఆయన కనిపెట్టాడు. ఆయనకి వాటా ఉన్న జట్టు పేరు ఓక్లాండ్ రైడర్స్. ఈ సంగతి బావ చెప్పినప్పుడు మావయ్య అస్సలు ఆశ్చర్యపోలేదు. "మరి రైడర్లని గాక ఎవుళ్ళని గ్రేడు చేస్తారు?"

రన్నింగ్ బ్యాక్ అంటే మాత్రం మాకు మొదట్లో వెనక్కి పరుగెత్తేవాడనే అర్థమైంది. "ఎనక్కి లగెత్తితే పాయింట్లేట్రా?" అని మంగలి షాపాయన నవ్వితే మావయ్య తీర్పు చెప్పాడు: "కూతకెళ్ళినోడి గొప్ప ఎల్లడంలో లేదు, ఎనక్కి రావడంలో ఉంది. ఆళ్ళకి తెలిసే పేరెట్టినారు." అక్కడున్న ఎనిమిది మందిలో ఒక్కడికి కూడా దీన్ని ఖండించాలనిపించలేదు.

2024లో ఆ ఆఫీసు ఆటలో ఆటగాళ్ళని ఎంచుకునే వంతుల్లో బావకి మొదటిది వచ్చింది. నాన్నని అడిగాడు. మావయ్య రెండు రాత్రులు ఫోన్లో వీడియోలు చూసి క్రిస్టియన్ మెకాఫ్రీకి 180 వేశాడు. తప్పు లేదు, అంతకుముందు ఏడాది అందరికంటే ఎక్కువగా 1,459 గజాలు పరుగెత్తినవాడు. అమెరికా అంతా వాణ్ణే మొదట తీసుకుంది. సీజన్ మొదలయ్యేసరికి వాడు బెంచీ మీద కూర్చున్నాడు. మొత్తం మీద నాలుగు మ్యాచ్‌లు ఆడాడు. న్యూయార్క్ జట్టు వదిలేసిన సేక్వాన్ బార్క్లీ ఫిలడెల్ఫియా వెళ్ళి 2,005 గజాలు పరుగెత్తాడు. బావ ఫోన్ చేసి, "పిక్కలో నొప్పట నాన్నా, మడమ దగ్గర కూడానట," అన్నాడు ఏడుపు గొంతుతో.

"నాను పప్పు సూసి సెప్పినాను," అన్నాడు మావయ్య. "పిక్క సూసినానేటి?"

ఇదంతా రాసి, నేనేదో ఒడ్డున నిలబడి చూస్తున్నవాణ్ణనుకుంటారేమో. వేలానికి వెళ్ళే ఆదివారం ఇంట్లో స్టాఫ్ మీటింగని చెబుతాను. పరీక్ష పేపర్లు దిద్దాల్సిన రాత్రుల్లో ఎక్సెల్లో రైడర్లని పేర్చుకుంటాను. రెండు ఖాళీ కూతల తర్వాతి మూడో రైడ్‌లో, అదే చావోరేవో కూతలో, ఎవడు ఎంత శాతం తెస్తాడో నాకు పచ్చరంగు గడిలో ఉంటుంది. నా తొమ్మిదో తరగతిలో ఎంతమంది లెక్కల్లో తప్పారో చెప్పమంటే రిజిస్టరు చూడాలి.

2025లో సీజన్ విశాఖలోనే, ఆగస్టు 29న మొదలైంది. అంతకుముందు ఆదివారం వేలంలో మావయ్య మొదటిసారి గుండె తీసి పక్కన పెట్టాడు. "ఇంక మనవోళ్ళని నమ్మను," అని టైటాన్స్‌లో ఒక్కణ్ణి కూడా కొనలేదు. విజయ్ మలిక్‌ని నేను తొమ్మిది కిలోలకి తీసుకున్నాను. మొదటి మ్యాచ్‌కి ఇద్దరం రైలెక్కి విశాఖ వెళ్ళాం. టైటాన్స్ తలైవాస్ చేతిలో ఓడారు. అవతలి జట్టులో పవన్ ఉన్నాడు. తిరుగు రైల్లో మావయ్య ముఖం వెలిగిపోతోంది: "సెప్పినానా?" ఆ తర్వాత అదే టైటాన్స్ విజయ్ మలిక్ కెప్టెన్సీలో గెలుచుకుంటూ గెలుచుకుంటూ ప్లేఆఫ్స్ దాకా వెళ్ళారు. పదేళ్ళు మోసినవాడు దింపిన ఏడాదే బస్తా నిండింది.

లెక్కలు తేల్చిన రోజు నా ఎక్సెల్ కాగితం అడిగి తీసుకున్నాడు. కళ్ళజోడు పైకెత్తి, పప్పు గుప్పిట్లో వేసుకుని చూసినట్టు ప్రతి వరసా చూశాడు. "ఇది ఎవుడు సేసినాడు?"

"నేనే."

నన్ను కాళ్ళ దగ్గర్నుంచి తలదాకా చూశాడు. దవడ అటూ ఇటూ కదిలింది. అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు.

"రెండొందల నలభై," అన్నాడు.

ఆ రాత్రి రెండు కిలోల పొట్లంతో ఇంటికొచ్చి, ఆగలేక మా ఆవిడతో ఆ ముక్క చెప్పేశాను: మావయ్య నన్ను 320 నుంచి 240కి మార్చాడు. పక్క గదిలో కాకినాడ నుంచి వచ్చిన మా మామగారు పేపరు దించి, కళ్ళలో అదే పాత సంతోషంతో అడిగారు:

"రీకౌంటింగులోనా, బాబూ?"