బహదూర్‌కో బిళ్ళ ఇప్పించండి

తపాలా శాఖ కార్యదర్శి గారికి,
డాక్ భవన్, న్యూఢిల్లీ.

విషయం: కాషాయ లాల్చీ మీదికి జీన్స్ ప్యాంటు తొడిగిన హీరోకి తపాలా బిళ్ళ మంజూరు చేయమని విన్నపం.

అయ్యా,

2001లో మీరు పంచతంత్ర కథలకు బిళ్ళలు వేశారు. కోతి, మొసలి, తాబేలు అందరూ కవర్ల మీద ఊరేగారు. సంతోషం. ఆ మధ్య 'మై స్టాంప్' పెట్టి, డబ్బు కడితే నా మొహమైనా వేస్తామన్నారు. మొసలికీ నాకూ దొరికే మర్యాద బహదూర్‌కి దొరక్కపోవడం ఏం న్యాయం?

బహదూర్ ఎవడని మీ సెక్షన్‌లో అడుగుతారు, నాకు తెలుసు. 1964లో మొదలైన ఇంద్రజాల్ కామిక్స్‌లో పులిలా తిరిగినవాళ్ళు ఫాంటమ్, మాండ్రేక్. ఇద్దరూ దిగుమతి సరుకే. 1976లో ఆబిద్ సుర్తీ రాయగా గోవింద్ బ్రాహ్మణియా బొమ్మలు వేస్తే మనవాడు పుట్టాడు. తండ్రి బందిపోటు. ఆ తండ్రిని కాల్చిన పోలీసు అధికారే కొడుకుని పెంచాడు. పెరిగినవాడు పగ తీర్చుకోకుండా, ఊళ్ళోవాళ్ళని కూడగట్టి బందిపోట్ల మీద నాగరిక సురక్షా దళం పెట్టాడు. ముసుగు లేదు, మంత్రం లేదు, ఎగరడం అసలే లేదు. పక్కన బేలా అనే అమ్మాయి, ఆవిడా తన్నగలదు.

అలాంటివాణ్ణి జనం ఎందుకు మరిచిపోయారు? నా అనుమానం అతని బట్టల మీదే. ఫాంటమ్ లోపల వేసుకోవలసింది పైన వేసుకున్నాడు. అలా ఏ కాలంలోనూ ఎవరూ వేసుకోలేదు కనక అది పాతబడే ప్రసక్తే లేదు. బహదూర్ మాత్రం ఆనాడు కాలేజీ గేటు దగ్గర నిలబడ్డ అన్నయ్యల్లాగే తయారయ్యాడు. ఫ్యాషన్ పోయింది, దాంతోపాటే వాడూ పోయాడు. పెళ్ళిచూపుల వేళ దాచేసే ఆల్బమ్‌లో మాతోపాటు చేరాడు.

ఆ ఆల్బమ్ సంగతి కూడా తమరు వినాలి. కుక్కచెవుల కాలరు, చెవులు మూసే హిప్పీ క్రాఫు, కింద బెల్‌బాటం. "బాటం ఎంత పెట్టమంటావు?" అని టైలరు అడిగితే 24 అంగుళాలకు తక్కువ చెప్పడం పరువు తక్కువ. అంచు నేలకు రాసుకుని చిరక్కుండా లోపలివైపు ఇత్తడి జిప్పు కుట్టేవాడు. గచ్చు మీద నడుస్తుంటే అది కరకరమని గీరేది. మనిషి కనపడకముందే ప్యాంటు వినపడేది. "ఎదిగే పిల్లాడు, వదులుగా కుట్టు" అని నాన్నలు పక్కనుంచి చెప్పే మాట ఒకటి. దాంతో అన్నయ్య కొలతల ప్యాంటు తమ్ముడి దగ్గరకి దిగేసరికి ఊరంతా గొట్టం ప్యాంట్లలోకి మారిపోయేది. మడత విప్పినచోట ముదురు రంగు పట్టీ ఒకటి మిగిలేది, ఏడాదికొకటి చొప్పున. (టెర్లిన్ కదా, ప్యాంటు చిరిగేది కాదు. అదే అసలు బాధ.)

ఇక మీ నిబంధనల మాట. బతికున్నవాళ్ళకి మామూలుగా బిళ్ళ వేయరు. 1958లో కర్వే గారికీ, 2013లో టెండూల్కర్‌కీ సడలించారు. బహదూర్ విషయంలో ఆ చిక్కే లేదు. 1990లో ఇంద్రజాల్ మూతపడింది, వాడు పోయాడని ఎవరూ ధ్రువపత్రం ఇవ్వలేదు, బతికున్నాడని పింఛను కోసం ఎవరూ రాలేదు. అమెరికా తపాలా శాఖ 2006లోనే సూపర్‌మ్యాన్‌ని కవర్లకెక్కించింది. మనకి ఏం తక్కువ? పనిలో పనిగా మా కార్టూనిస్టు బుజ్జాయి గారి డుంబుని కూడా చూడండి. ఆంధ్రప్రభ వారపత్రికలో తెలుగు పిల్లల్ని నవ్వించినవాడు, తెలుగువాళ్ళకే గుర్తులేడు.

ఆబిద్ సుర్తీ గారి గురించి ఒక్క ముక్క. ఆదివారాలు ప్లంబర్ని వెంటబెట్టుకుని ముంబయిలో ఇల్లిల్లూ తిరిగి, కారే కుళాయిలు ఉచితంగా బాగుచేయించారాయన. సురక్షా దళం వట్టి కాగితం మీది ఊహ కాదని మీ ఫైల్లో రాసుకోవచ్చు.

చివరి కోరిక. మీ బిళ్ళల మీద పెద్దమనుషులు ఎక్కువగా భుజాల దాకానే ఉంటారు. బహదూర్‌ని మాత్రం కాళ్ళదాకా వేయించండి. ప్యాంటు కనపడాలి.

ఇట్లు,
పాత ఆల్బమ్ ఇంకా పారేయని ఒక విధేయుడు