ఆముదపు చేను ప్రైవేట్ లిమిటెడ్

2025 అంబేడ్కర్ జయంతి నాడు కొత్త భూ చట్టం భూభారతి వచ్చేసింది. అప్పటి పైలట్ మండలాలు నాలుగింట్లో మా పాలమూరు వైపు మద్దూరూ ఉండింది. ఇక రైతు ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదట. 2020 అక్టోబరులో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడూ ఇదే మాట విన్నాం. దానికి ముందు నెలే చట్టం చేసి మరీ వీఆర్వోలను తీసేశారు. సంతకం పెట్టే మనిషి పోయాడు గానీ సంతకం అవసరం పోలేదు.

నారాయణపేట దగ్గర మా బావకు రెండెకరాల పన్నెండు గుంటల ఆముదపు చేను ఉంది. 2017 భూ రికార్డుల ప్రక్షాళనలో అది వివాదాల జాబితా పార్ట్-బీలో పడింది. ఏ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడో చెప్పను గానీ, అక్కడి కుక్కలు కూడా ఆయన్ను చూసి మొరగడం మానేశాయి. కొత్త చట్టం సంగతి చెప్తే, “ఈసారి ఏ కాయితం తెమ్మంటున్రు?” అన్నాడు.

నాకో ఉపాయం తట్టింది. చేనును ఫ్యాక్టరీ చేసేస్తే?

నవ్వకండి, చట్టం ఉంది. 2014 నాటి టీఎస్ ఐపాస్. భారీ పరిశ్రమకు పదిహేను రోజుల్లో అనుమతి రాకపోతే వచ్చినట్టే లెక్క. పైగా ‘స్వీయ ధ్రువీకరణ’ చట్టం పేరులోనే ఉంది. సేటు ‘అంతా సక్రమమే’ అని సంతకం పెడితే సర్కారు నమ్ముతుంది.

ఇద్దరం అరుగు మీద కూర్చుని దరఖాస్తు రాశాం. ఉత్పత్తి: ఆముదాలు. పెట్టుబడి: ఎండిన బోర్లు మూడు, అక్క పుస్తెలతాడు. ముడిసరుకు: వాన. సరఫరాదారు ఒక్కడే, ఒప్పందానికి రాడు. సిబ్బంది: అక్క, బావ, ఏటా పుణె వలసపోయి వచ్చే కొడుకు. కాలుష్యం: రెండెద్దుల పేడ. దాన్నే ఎరువుగా వేస్తాం కాబట్టి వ్యర్థాల శుద్ధి కేంద్రం కూడా ఉన్నట్టే.

భారీ పరిశ్రమ అనాలంటే పెట్టుబడి 200 కోట్లుండాలన్నాను. బావ తడుముకోలేదు. “ఎకరాకు నూరు కోట్లు రాయి బామ్మర్దీ. మన సంతకమే గద, ఎవడొచ్చి చూస్తడు?”

తర్వాతి గడిలో భూమి వివరాలు అడిగారు. ఆధారం: పట్టాదారు పాస్‌బుక్.

బావ నా చేతిలో కలం తీసుకుని మూసేశాడు.

సర్కారుకు పని సులువు చేయడం రాదనుకునేవాణ్ణి. వచ్చు. 2014లోనే చేసి చూపించింది, సేట్లకు. సేటు రాసిస్తే నిజం, రైతు మొత్తుకుంటే విచారణ! దున్నేది ఎవరో ఊరంతా చెబుతుంది, అడిగేవాడేడీ? భూభారతిలో గడువులు రాశారు, సంతోషం. గడువు దాటితే ఎవరి జీతం కోస్తారో అది కూడా ఊరూరా దండోరా వేయించండి.

పాస్‌బుక్ లేదు కాబట్టి మా బావకు రైతుబంధు ఒక్క విడతా రాలేదు. రైతు బీమాలో పేరెక్కలేదు. రైతు చనిపోతే ఇంటికి ఐదు లక్షలు ఇస్తారు, కానీ చచ్చినవాడు రైతేనని రికార్డు ఒప్పుకోవాలి. ఆ బీమా అయినా 59 ఏళ్ల దాకానే.

మొన్న ఉగాదికి బావకు 58 నిండాయి.