బెండు మునగని పద్యం: సటీకాతాత్పర్యం

మూలం

గాలమేసి కట్ట కాడ కూర్చుంటినా
బెండు మునగలేదు పెద్దమామ
వచ్చి యడుగువారు వంద చెప్పెడి మాట
యిప్పు డిపుడె వచ్చి యిచట నుంటి

అవతారిక: బద్వేలు చెరువుకట్ట మీద ఆదివారం పొద్దున గాలం వేసుకొని కూర్చున్న ఒకడు, స్కూటరు ఆపి పలకరించిన పెద్దమనిషితో చెప్పుకొన్న ఆటవెలది ఇది. కర్త పేరు తెలియదు. పద్యం రాసిందీ వ్యాఖ్యానం పెట్టిందీ ఒకడేనని గిట్టనివాళ్లు అంటారు. కాళిదాసుకు మల్లినాథసూరి దొరికాడు గాని గాలగాడికి ఎవరూ దొరకలేదు. అందువల్ల ఈ పూనిక. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథుడు పెట్టుకొన్న నియమంలో మొదటి సగం ఇక్కడ పాటిస్తాం. రెండో సగం ఈ వ్యాఖ్యాతకు చేతకాదు.

ప్రతిపదార్థం: గాలము ఏసి = వెదురుకట్టె, నైలాన్ దారం, బెండు, సీసపు గుండు, కొక్కెం అనే అయిదింటినీ నీళ్లలోకి విసిరి; కట్ట కాడ = చెరువుకట్ట దగ్గర. ఇక్కడ ‘కాడ’ తీసి ‘దగ్గర’ అని దిద్దబోయే పరిష్కర్తలు ఆగాలి, యతి చెడుతుంది. కూర్చుంటినా = కూర్చున్నాను. చివరి ‘నా’ ప్రశ్న అని కొందరు, ఆశ్చర్యమని కొందరు, ‘ఆదివారం పొద్దున ఇంట్లో పని పెట్టుకొని కూర్చుంటివా’ అనే నిందకు జవాబని గాలగాడి ఇల్లాలు. మూడో అర్థమే పెద్దలకు సమ్మతం. పెద్దమామ = ఓ పెద్దమామా! చుట్టరికం వెతకనక్కర్లేదు, బద్వేలులో బండి ఆపి “ఏమబ్బీ, ఏమన్నా పడినాయా?” అని అడిగిన పెద్దవాడెవరైనా మామే. బెండు = నీటి మీద తేలుతూ చేప రాకను చెప్పవలసినది; మునగలేదు = చెప్పలేదు. తక్కినది స్పష్టం.

తాత్పర్యం: ఏమీ పడలేదు.

విశేషాలు: ముందు గాలం సంగతి. ఇది పనీపాటా లేనివాళ్ల వ్యాపకమని అనుకొనేవాళ్లు కళ్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుణ్ణి తలచుకోవాలి. పన్నెండో శతాబ్దం తొలి సగంలో ఆయన కూర్చిన మానసోల్లాసంలో మత్స్యవినోదానికి ఒక అధ్యాయమే ఉంది. ఏ చేప ఎలాంటిది, దేనికి ఏ మేత పెట్టాలి, కట్టె ఎలా ఉండాలి, దారం ఎలా పేనాలి అన్నీ చెప్పాడు. ఇంగ్లీషువాళ్లు గాలానికి ఆదికావ్యంగా చెప్పుకొనే ఐజాక్ వాల్టన్ పుస్తకం వచ్చింది 1653లో, అంటే అయిదు వందల ఏళ్లు ఆలస్యంగా. మద్రాసు సివిల్ సర్వీసు దొర హెన్రీ సలివన్ థామస్ మన చెరువుల్లో గాలం వేయడం మీదనే 1887లో ఒక పుస్తకం అచ్చువేయించాడు. రాజులూ దొరలూ ఇంత శ్రద్ధ పెట్టిన విద్యను మనవాళ్లు ఒక గోధుమపిండి ముద్ద, నాలుగు వానపాములతో నడిపిస్తున్నారంటే అది లోపం కాదు, లాఘవం. పిండి ముద్ద బొచ్చెకూ రోహుకూ. వానపాము జెల్లకూ జిలేబికీ. కొరమీను కావాలంటే బతికిన కప్పపిల్ల కావాలి, దానికి గుండె ధైర్యం కూడా కావాలి.

ఇక ‘కట్ట కాడ’. పద్యమంతటికీ ప్రాణం ఈ మాటలోనే ఉంది. కవి ‘నీటి కాడ’ అనవచ్చు కదా, ఎందుకనలేదు? సమాధానం: సీమలో కట్ట ఎప్పుడూ ఉంటుంది, నీళ్లు కొన్నేళ్లే ఉంటాయి. పద్యం నాలుగు కాలాలు నిలవాలని కోరుకొన్న కవి నిలిచేదాన్నే పట్టుకొన్నాడు. దీనికి శాసన ప్రమాణం ఉంది. బద్వేలుకు ఉత్తరాన పోరుమామిళ్ల చెరువుకట్టను 1369లో, మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి నుంచి ఏలుతున్న కాలంలో కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. అక్కడి సంస్కృత శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు లెక్కపెడుతుంది. కట్ట ఊట కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ మిట్ట, నీళ్లు తక్కువై పారుదల నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. చెరువుకు చెప్పిన ఈ దోషాలు గాలగాడికీ పడతాయి. ఇద్దరు గాలగాళ్ల నడుమ కూర్చుంటే అది సరిహద్దు దోషం. దారాలు పెనవేసుకొని యుద్ధం తప్పదు. నడుమ మిట్ట ఉంటే కొక్కెం తుమ్మ మోడుకు తగులుకొని, చేప పడిందన్న సంబరం కాసేపు నిలిచి, దారంతో పాటు తెగిపోతుంది. అయిదో దోషం సంగతి మనవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు, దాంట్లోనే పుట్టి పెరిగాం. కృష్ణనీళ్లు తెలుగుగంగ కాలువలో వెలుగోడు దాటి బ్రహ్మంసాగర్ చేరేదాకా ఈ ప్రాంతంలో చేపల మాట వానను బట్టే నడిచింది. పదిహేడు టీఎంసీలకు పైగా పట్టే ఆ జలాశయం నిండిన ఏడు కట్టెలు కొనేవాళ్లు పెరుగుతారు. ఎండిన ఏడు అవే కట్టెలు చిక్కుడు పాదుకు పందిరవుతాయి. కాబట్టి చెరువులో నీళ్లుండడమే తొలి చేప. కవి దాన్ని వాచ్యంగా చెప్పక కట్ట అనే మాటలో దాచాడు.

పూర్వపక్షం: అమెరికాలో డెన్వరు దగ్గర ఉండే గాలగాడి మేనల్లుడు వీడియో పంపి ఇలా ఆక్షేపిస్తాడు. “మామా, గాలమంటే కట్ట మీద కూర్చోవడం కాదు. కొండవాగులో మోకాటిలోతు నిలబడి ట్రౌట్ పట్టాలి. ఈకలూ దారాలూ చుట్టి ఈగలాంటిది కట్టి విసరాలి. ఈగకు బరువుండదు గనక దారం బరువుతోనే విసరాలి. ఆ పూట వాగులో ఏ పురుగు రెక్క విప్పుతుందో చూసి దాని పోలికదే కట్టాలి. పడిన చేపను వదిలెయ్యాలి.”

విద్య గొప్పదే, కాదనం. పాతది కూడా. మాసిడోనియాలో ఎర్ర ఉన్నీ కోడి ఈకలూ కొక్కేనికి చుట్టి మచ్చల చేపలను పట్టేవారని రోమను రచయిత ఈలియన్ పదిహేడు, పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే రాశాడు. అయితే ట్రౌట్‌కు చల్లగా పారే నీళ్లు కావాలి. ఇరవై డిగ్రీలు దాటితే ఆయాసం, పాతిక దాటితే ప్రాణగండం. అందుకే ఇంగ్లీషువాళ్లు దాన్ని కాశ్మీరులోనూ నీలగిరుల్లోనూ పెంచారు గాని వెలికొండల వైపు చూడలేదు. నల్లమలకూ వెలికొండలకూ నడుమ పారి పెన్నలో కలిసే మన సగిలేటిలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే పారుతుంది. అందులో ఈదాలంటే ట్రౌట్‌కు కాళ్లు మొలవాలి. ఇక పట్టి వదలడం గురించి గాలగాడి సిద్ధాంతం ఇది: “పట్టి వదిలేదానికి అంత దూరం పోవల్నా? మేం పట్టకనే వదిలేస్తాండాం.” దీనికి అల్లుడి వైపు నుంచి జవాబు రాలేదు.

చివరగా ‘ఇప్పు డిపుడె’. ఉదయం ఆరింటికి వచ్చినవాడు పదకొండింటికి “ఇప్పుడే వచ్చినా మామా” అనడం అసత్యం కాదా? కాదు. బెండును చూస్తున్నవాడికి కాలం తెలియదు, అతని మట్టుకు అది నిజమే. లౌకిక కారణం వేరే ఉంది. పడినాయంటే నలుగురు కట్టెలు తెచ్చి పక్కన చేరతారు, పడలేదంటే నలుగురు నవ్వుతారు. ఈ ఒక్క మాటతో రెండూ తప్పుతాయి. ‘వంద’ అనేది అతిశయోక్తి అని ఆలంకారికులు అనవచ్చు. ఆదివారం ఆ కట్ట మీద ఒక పూట కూర్చున్నవాళ్లు స్వభావోక్తి అంటారు.

ఫలశ్రుతి: ఇది చదివి గాలం వేయాలనిపించిన వారికి ఒక మనవి. చెరువు మత్స్యకార సంఘం పాటలో ఉంటే వాళ్లనడిగి వెయ్యండి, అందులో చేపపిల్లల్ని వదిలింది వాళ్లే. తెగిన నైలాన్ దారం కట్ట మీద వదలకుండా చుట్టి ఇంటికి పట్టుకుపోండి, కొంగల కాళ్లకు చుట్టుకొంటుంది.